ఇనుమప్ప బతికినాడా, చచ్చినాడా

మా చిన్నప్పుడు... బళ్ళారి సత్యనారాయణపేటలో, మా నాయన లారీలు నిలబెట్టే షెడ్డులో, ఒక మిట్టమధ్యాహ్నం మా సుధాకరన్న ముందుపన్ను ఊడి మట్టిలో పడింది. వాడి స్నేహితుడు బసవ చెయ్యి విరిగింది. నా కనుబొమ్మ చీలింది...

ఇదంతా ఒక రోబో చచ్చినాడా, బతికినాడా అనే మాట మీద!

మొన్న ఆ సినిమా రెండో భాగం ట్రైలర్ వచ్చినప్పటి నుంచి ఫోన్ తెరిస్తే అదే చర్చ. చూసి చూసి ఇది రాయాలనిపించింది.

సినిమాలో ఆ రోబోకి నోరు తిరగని నంబరు పేరు. మా పేట పిల్లలందరికీ వాడు ఇనుమప్ప. శత్రువుల్ని కాళ్ళు పట్టి గోడకేసి బాదుతుంటే హాలంతా ఈలలు... చివర్లో ఊరిని కాపాడడానికి తన రొమ్ము తానే చీల్చుకొని, లోపల మండుతున్న గుండెను పెరికేసి, నదిలో పడిపోతాడు. తెర నల్లబడే ముందు నీళ్ళ అడుగున ఒక కన్ను వెలుగుతుంది. సినిమా అంతా నీలంగా ఉన్న కన్ను... అప్పుడు ఎర్రగా.

ఆ కన్ను ఎవరిది?

మొట్టమొదట సైంటిస్టు స్విచ్చి వేసినప్పుడు కూడా రెప్పపాటు సేపు ఆ కన్ను ఎర్రగానే ఉంటుందని బసవ కనిపెట్టినాడు. సీడీ ఆపి ఆపి మాకు చూపించినాడు. ఎరుపంటే పుట్టుక రంగు, ఇనుమప్ప మళ్ళీ పుట్టినాడు, అందర్నీ మరిచిపోయింటాడు గానీ వాడే... అని వాడి వాదన. గుండె పెరికినాక ఎట్లా బతుకుతాడు, ఆ ఒంట్లోకి శత్రువు దూరినాడని మా అన్న వాదన. రోజూ బడి వదిలినాక పాత టైర్ల మీద కూర్చొని ఇదే గోల. సగం మంది ఇటు, సగం మంది అటు.

బసవ వాళ్ళ నాయన మా లారీకే డ్రైవరు. ఆ ఏడు ఎండాకాలంలోనే ఖనిజం లోడుతో కొండ దిగుతుంటే లారీ బోల్తా పడి, క్యాబిన్‌లో నలిగిపోయి చనిపోయినాడు. ఆయన్ని బయటికి తీయడానికి రేకులు కోయాల్సి వచ్చిందట. బసవ ఏడవలేదు. దినాలు అయిపోయినాక షెడ్డుకొచ్చి, ఏమీ జరగనట్టు మళ్ళీ ఇనుమప్ప గురించే మాట్లాడినాడు. మాకు అర్థం చేసుకునే వయసు లేదు...

ఆ మధ్యాహ్నం తెక్కలకోట నుంచి మా మేనత్త కొడుకు బస్సు దిగొచ్చి, రెండో భాగం తీస్తాండారట అని చెప్పినాడు. బసవ ఎగిరి గంతేసినాడు. చూసినారా, వాడు బతికుంటేనే గదా రెండో భాగం అని మా అన్నను అందరి ముందరా ఎగతాళి చేసినాడు. అన్నకు ఉక్రోషం వచ్చింది.

"చచ్చినోడు తిరిగి రాడప్పా. మీ నాయన వచ్చినాడా?"



బసవ చేతికి అందిన పానా తీసుకొని మా అన్న నోటి మీద కొట్టినాడు. పన్ను ఊడింది. అన్న నెత్తురు ఉమ్మి, జాకీ రాడ్డు ఎత్తి ఊపినాడు. బసవ ముంజేయి ఎముక ఎండుకట్టె మాదిరి పట్‌మన్న చప్పుడు నేను విన్నా. అయినా వాడు వదల్లేదు... రెండో చేత్తో అన్న జుట్టు పట్టి, తలకాయను లారీ బంపరుకేసి కొట్టినాడు. మళ్ళీ కొట్టినాడు. విడదీద్దామని నేను మధ్యలో దూరితే రాడ్డు కొస నా కనుబొమ్మ మీద తగిలింది. కంట్లోకి నెత్తురు దిగి, అంతా ఎర్రగా కనబడింది. నా అరుపుకు పెద్దవాళ్ళు పరిగెత్తుకొచ్చినారు.

మా అమ్మ నా గాయం మీద పసుపు అదిమింది. నాయన ఏం జరిగిందని అడిగినాడు. అన్న ఏమన్నాడో తెక్కలకోట బావ చెప్పేసినాడు. నాయన బెల్టు తీసి, నెత్తురోడుతున్న అన్నను అట్లే కొట్టినాడు. ఎవరూ ఆపలేకపోయినారు.

ఆపింది బసవ వాళ్ళమ్మ గంగమ్మక్క. బెల్టు దెబ్బ తన చేతి మీద పడినా వదలకుండా పట్టుకుంది.

"కొట్టాకు అన్నా, వదిలెయ్... వాళ్ళ నాయన పోయినప్పటి నుంచి వీడు ఏడ్సలేదు. ఈ పొద్దు ఏడుస్తాండాడు."

అప్పుడు చూసినాం. టైర్ల పక్కన, విరిగిన చేయి ఒళ్ళో పెట్టుకొని, బసవ వెక్కి వెక్కి ఏడుస్తాండాడు. నాయన బెల్టు కింద పడేసినాడు. తనూ అక్కడే కూలబడి ముఖం కప్పుకున్నాడు.

ఇద్దరికీ చానా రోజులు మాటల్లేవు. రెండో భాగం అప్పుడు తీయనే లేదు, ఆగిపోయింది. ఒకరోజు అన్న తనంతట తానే బసవ ఇంటికి పోయి, ఆ సీడీ మళ్ళీ చూపించమన్నాడంట. చూసి, "నువ్వు చెప్పిందే నిజమప్పా, వాడే" అని వచ్చేసినాడు.

బసవ ఇప్పుడు హగరిలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిరగదు. వయసొచ్చినాక వాడే మనసు మార్చుకున్నాడు, ఇనుమప్ప చచ్చిపోయినాడులే అంటాడు. మా అన్న మాత్రం ఒప్పుకోడు. నలభై దగ్గర పడుతున్నా, పెట్టుడు పన్నుతో, వాడు బతికే ఉండాడని ఈ వారమంతా ఫోన్‌లో బసవతో వాదిస్తానే ఉన్నాడు...

ఇప్పుడు గ్రూపుల్లో ఆ కన్ను గురించి ముక్కూ మొహం తెలియని వాళ్ళు బూతులు తిట్టుకుంటున్నారు, బ్లాక్ చేసుకొని పోతున్నారు. అవతలి మనిషి ఆ రోబో బతకాలని ఎందుకంత మొండిగా కోరుకుంటున్నాడో చెప్పడానికి, బెల్టుకు చెయ్యి అడ్డం పెట్టే గంగమ్మక్క అక్కడ ఉండదు గదా...

మీరు సినిమా కోసం ఎవరితో కొట్టుకున్నారు? వాళ్ళు ఇప్పుడు యాడ ఉండారు?