నల్లబడని ఆకు

సైన్సు మేడమ్‌కి కోపం ముక్కు మీదే ఉండేది. సుద్దముక్క విరిగినా గదంతా దద్దరిల్లేలా అరిచేది. మొక్క తన తిండి తానే వండుకుంటుందనీ, ఎండే దాని పొయ్యి అనీ చెప్పి, "నా మాట నమ్మొద్దు, కళ్లతో చూసి నమ్మండి" అని గద్దించేది. ఏటా కుండీలోంచి ఒక ఆకు తెంపి, స్పిరిట్‌లో ఉడికించి పచ్చదనం పోగొట్టి, అయోడిన్ చుక్క వేసేది. ఆకు తయారుచేసుకున్న పిండి ఆ చుక్క తగలగానే నల్లబడేది.

ఆ ఏడు సెలవులు ముగిసిన తొలిరోజే తనిఖీ వచ్చింది. అధికారి ఎదుట చుక్క వేస్తే ఆకు నల్లబడలేదు. పిల్లలు ఆమె మొహంలోకి చూశారు. పక్కనే నిలబడ్డ హెడ్మాస్టరు గొంతు తగ్గించి, "కాస్త సిరా వేసెయ్యండి మేడమ్, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు.

"కుండీ ఎక్కడ పెట్టించారు సార్?" ఆమె పైకే అడిగింది.

"కుండీ మట్టితో వరండా పాడవుతోందని సెలవులంతా స్టోర్‌రూమ్‌లో. ఇందాకే బయటికి తెప్పించా. రోజూ నీళ్లు పోయించానుగా."

"విన్నారా పిల్లలూ? చీకటి గదిలో తాళమేసి నీళ్లు పోశారట. పొయ్యి వెలిగించకుండా ఎసరు పెడితే అన్నం ఉడుకుతుందా?"

"ఉడకదు మేడమ్."

"అందుకే ఈ ఆకులో పిండి లేదు. పస్తు పెట్టి చంపుతున్నారు దీన్ని."

"మేడమ్, పెద్దాయన చూస్తున్నారు."

"చూడనివ్వండి. అబద్ధం నేర్పడానికి నేనెందుకు సార్, మీరు చాలరూ?"

ఆకు ఉన్న పళ్లెం ముందు బెంచీకి అందించింది. "కళ్లతో చూసి నమ్మండి" అని గద్దించింది. పళ్లెం చేతులు మారుతూ చివరి బెంచీ దాకా వెళ్లింది.