రైలు పెన్నూ, పేడనీళ్ళూ

ఇప్పుడంటే కోపం వస్తే ఒక మాత్ర వేసుకుని, కుర్చీలో కూలబడి, ఎదుటి గోడకేసి చూస్తూ ఉంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలా కాదు. ఆ వయసులో కోపం నాకు పొద్దుటి కాఫీలాంటిది. అది పడితేగాని ఒళ్ళు కదిలేది కాదు. బస్సు ఆలస్యంగా వస్తే కోపం, ముందుగా వచ్చి వెళ్ళిపోతే మరీ కోపం. నా అంత నిజాయితీపరుడు, నా అంత అన్యాయమైపోయినవాడు విశాఖ మన్యం మొత్తంలో మరొకడు లేడని గట్టి నమ్మకం. ఆ కోపాలన్నిటిలోకీ పెద్దది ఒక పెన్ను కోసం వచ్చింది.

పెన్నంటే మామూలు పెన్ను కాదు. పైసగం అద్దంలా ఉండి, లోపల ఏదో నూనె నింపి, ఆ నూనెలో గోరంత ఓడని వదిలేవారు. ఇటు వంచితే ఆ ఓడ మెల్లగా రేవు విడిచి పోయేది, అటు వంచితే ఏ తొందరా లేకుండా తిరిగి వచ్చేది. విశాఖపట్నం హార్బరులో దిగిన విదేశీ నావికులు అమ్ముకుపోయిన సరుకు పాత పోస్టాఫీసు వైపు చిన్న కొట్లలో దొరికేది. కాలేజీలో ఉండగా మొదటిది కొన్నాను. తర్వాత అది జబ్బులా ముదిరింది. ఓడ, హంస, వంతెన మీద బస్సు, మంచుకొండ మీదికి తీగ పట్టుకుని పాకే గాజుపెట్టె, ఇలా బిస్కెట్ల డబ్బాలో దూది పరిచి పసిపిల్లల్లా పడుకోబెట్టాను. (వంచితే దొరసాని గౌను జారిపోయే రకం కూడా ఉండేది. కొట్టువాడు చూపించబోతే నేను కన్ను మూసుకున్నాను. ఒక కన్ను.)

అరకులో గిరిజన రైతులకు కాఫీ నారు పంచే ఆఫీసులో గుమాస్తాగా చేరినప్పుడు ఆ డబ్బా కూడా నాతో కొండెక్కింది. అక్కడ మొదలైంది నా అసలు నరకం. ఆఫీసులో ప్రతివాడికీ నా పెన్నే కావాలి. "ఏదండీ, ఓసారి చూపించండి" అనడం, పుచ్చుకోవడం, జ్వరం చూసే గొట్టంలా విదిలించడం! విదిలిస్తే లోపలి ఓడ ఏమైపోవాలి? మా హెడ్డు గుమాస్తా ఉండేవాడు. రోజుకి నాలుగుసార్లు మిరియాల కషాయం తాగేవాడు గనక అందరం ఆయన్ని చాటుగా 'కషాయం' అనేవాళ్ళం. ఆ మహానుభావుడు ఒకరోజు నా వంతెన పెన్నుతో చెవి గోక్కున్నాడు. నా కళ్ళముందే, ఆయన దురద తీరేసరికి బస్సు వంతెనని అటూ ఇటూ ఎన్నిసార్లు దాటిందో! నేను కుర్చీ తన్నేసి బయటికి పోయాను. ఆయనకి కారణం కూడా తెలియలేదు. "కుర్రాడికి పైత్యం చేసినట్టుంది, కషాయం ఇవ్వండర్రా" అన్నాడట.

అప్పటినుంచి ఒక జాగ్రత్త పెట్టుకున్నాను. జేబులో రెండు పెన్నులు. అడిగినవాడి మొహాన కొట్టడానికి ఆఫీసువారిచ్చిన నీలం పెన్ను ఒకటి, నా కోసం రైలు పెన్ను ఒకటి. ఆ రైలు పెన్ను నా సంపద మొత్తానికి పట్టపురాణి. చిన్న ఎర్ర రైలు ఒక కొసన బయల్దేరి, మధ్యలో బొమ్మగీసిన పచ్చటి కొండ వెనక్కి వెళ్ళి మాయమై, రెండో వైపున బయటపడేది. అచ్చం మా అరకు కొండల్లో సొరంగాలు దూరి వచ్చే రైలులాగే. హార్బరులో పనిచేసే మా అక్క మొగుడి ప్రాణం ఏడాది పొడుగునా తోడితే దొరికిందది. "ఒరే బావమరిదీ, ఓడ దిగిన ప్రతీవోడూ పెన్నులమ్మడానికే దిగేడనుకుంతన్నావేట్రా? ఆళ్ళని అడగలేక నాకు సిగ్గుతో సచ్చినంత పనైపోతంది" అని ఆయన మొత్తుకునేవాడు. నాకు జాలి కలగలేదు. ఇంత ఆలస్యం ఎందుకు చేశాడని కోపం వచ్చింది.

ఆ చైత్రంలో ఒకరోజు హుకుంపేటకి కాఫీ నారు దింపి రావలసి వచ్చింది. జీపులో నేను, డ్రైవరు. ఆయన సాలూరు వైపు మనిషి, నడివయసు, ఆఫీసంతా ఆయన్ని మావ అనేది. అవి ఇటుకల పండగ రోజులు. విత్తనాలు జల్లడానికి ముందు కొండ ఊళ్ళలో మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురుగడ పట్టుకుని, పాటలు పాడుతూ, వచ్చే పోయే బళ్ళని ఆపి పండగ మామూలు పుచ్చుకుంటారు. మలుపుకో గడ. మావ తన చిల్లరంతా ముందు గడల దగ్గరే నవ్వుతూ పంచేశాడు. నేను జేబులో చెయ్యి పెట్టలేదు. ప్రతి గడ దగ్గరా నా ఒంట్లో వేడి కొంచెం కొంచెం పెరుగుతోంది.

హుకుంపేట ఇంకా దూరం ఉందనగా మరో గడ వచ్చింది. ఒక ముసలమ్మ, పదిమంది ఆడవాళ్ళు, వాళ్ళ ముందు జడలో అడవిపూలు తురుముకున్న ఒక పడుచు గుంట. నేను తల బయటపెట్టి, "ఇది గవర్నమెంటు జీపు! గవర్నమెంటు జీపునే ఆపుతారా?" అని అరిచాను.

"గవర్మెంటుదైతే ఏటి బాబూ, మా కొండ మీదనించే కదా ఎల్లాల?" అంది ముసలమ్మ.

"నా దగ్గర ఏమీ లేదు."

"చొక్కాకి అంత మెరుపుంది, జేబులో ఏటీ నేదా?" అని గుంట అనగానే అందరూ ఘొల్లున నవ్వారు.

మావ నా వైపు వంగి, "బేగి ఏదో ఒకటి ఇచ్చీండి బాబూ. నేకపోతే సాయంత్రం దాకా ఒగ్గరు. నారు వాడిపోతాది" అన్నాడు.

ఇంక ఆగలేకపోయాను. జేబులోంచి నీలం పెన్ను లాగి, అటు చూడకుండానే, "ఇదిగో, ఏడవండి!" అని విసిరాను. గడ పైకి లేచింది. వెనక నుంచి ఆడవాళ్ళ కేకలు వినిపించాయి. తిట్టుకుంటున్నారు కాబోలనుకుని కాస్త తృప్తి పడ్డాను కూడా.

హుకుంపేటలో నారు దింపి, సంతకం పెట్టబోతూ జేబులో చెయ్యి పెడితే నీలం పెన్ను వచ్చింది. నేను విసిరింది పట్టపురాణిని.

అప్పుడు నేను చేసిన పని తల్చుకుంటే ఇవాళ్టికీ తల ఎత్తలేను. అక్కడున్న రైతులందరి ముందూ మావ మీద పడ్డాను. "నువ్వు బేగి బేగి అని ప్రాణం తియ్యబట్టే! నీకేం, స్టీరింగు తప్ప ఇంకో వస్తువు విలువ తెలుసా నీకు?" అన్నాను. ఆయన నా తండ్రికి ఓ పదేళ్ళు చిన్న. భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "తప్పే బాబూ. చెయ్యి మీది, పెన్ను మీది. తప్పు మాత్రం నాది" అన్నాడు. అందులోని వాత కూడా నాకప్పుడు తగల్లేదు.

తిరుగుదారిలో ఆ మలుపు దగ్గర గడ లేదు, మనుషులూ లేరు. ఊరు గట్టు మీద ఉంది. జీపు ఆపమన్నాను.

"ఇయ్యాల ఒద్దు బాబూ. ఏటకెల్లినోల్లు వచ్చే ఏల ఇది. ఈ పూట ఆ ఊల్లోకి మగోడన్నవోడు ఎల్లకూడదు. రేపొద్దున్న నానే ఎల్లి అడిగి తెత్తాను."

"రేపటికి దాన్ని విరిచి పారేస్తారు!"

"అయితే ఎల్లండి. నాను మాత్రం రాను. నాకున్నయ్యే రెండు చొక్కాలు" అన్నాడు మావ. చొక్కాల సంగతి ఎందుకెత్తాడో అడిగే ఓపిక నాకు లేదు.

తెల్లటి టెర్లిన్ చొక్కా, ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు, పళ్ళు కొరుకుతూ గట్టెక్కాను. ఊరి మొదట్లో ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ కుండలు. మంచినీళ్ళిచ్చి బతిమాలుకుంటారు కాబోలనుకున్నాను. (అలా అనుకోగలిగిన మనిషిని ఎవరు బాగుచెయ్యగలరు?) ముసలమ్మ ముందుకొచ్చి ఎంతో గంభీరంగా అడిగింది: "ఏటి తెచ్చేవు?"

"నేను తేవడమేమిటి? తీసుకుపోవడానికి వచ్చాను!"

అంతకంటే చెడ్డ జవాబు ఆ ఊరు పుట్టిన దగ్గర్నించీ ఎవరూ చెప్పి ఉండరు. వేట లేకుండా ఉత్తచేతులతో ఊళ్ళోకి వచ్చిన మగవాడికి ఆ పండగలో ఒకటే మర్యాద, పేడనీళ్ళు. మొదటి కుండ ఎదురురొమ్ము మీద పడింది. రెండోది నెత్తి మీద. నోరు తెరిచి, "నేను ఎవరనుకుంటున్నారు..." అనేలోగా మూడోది. ఆ తర్వాత నోరు మూసుకోవడమే మేలనిపించింది. కుండలన్నీ ఖాళీ అయ్యేదాకా ఏ ఒక్కరూ వెనక్కి తగ్గలేదు.

సరిగ్గా అప్పుడే అసలు వేటగాళ్ళు దిగారు. విల్లులున్నాయి, బల్లేలున్నాయి, వేట మాత్రం లేదు. పొద్దున్నించీ తిరిగితే కుందేలు కూడా దొరకలేదట. భయం భయంగా ఊళ్ళో అడుగుపెట్టి, ఖాళీ కుండలు చూశారు, కుండల మధ్య కారుతూ నిలబడ్డ నన్ను చూశారు. ఒక్కసారిగా ఎంత ఆనందం! "మా అందరి వాటా నువ్వే పట్టీసేవు బాబూ! ఏటేటా రావాలి నువ్వు!" అని ఒకడు నన్ను వాటేసుకోబోయి, వాసన తగిలి ఆగిపోయాడు.

నన్నొక అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళు పోశారు, రాగి అంబలి ఇచ్చారు. నేను పళ్ళు బిగించి, "నా పెన్ను" అన్నాను. పక్క అరుగు మీద పూలజడ గుంట దాన్ని పట్టుకుని కూర్చుని ఉంది. చుట్టూ పిల్లలు, ముసలివాళ్ళు. రైలు కొండ వెనక్కి వెళ్తే అందరూ ఊపిరి బిగబట్టడం, బయటికొస్తే హోయ్ మని కేక. ఒక తాత, "లోపలోల్లకి గాలాడతాదేటి?" అని దిగులుగా అడుగుతున్నాడు.

దెబ్బలాడటానికి సిద్ధంగా లేచాను. ఆ గుంట దెబ్బలాడలేదు. నా మొహం చూసి, పెన్నుని కొంగుతో తుడిచి, చేతిలో పెట్టేసింది.

"కింద రైలు మా ఊరి కాడ ఆగదు బాబూ, కూతేసి ఎల్లిపోతాది. ఇదైతే ఆగమన్నప్పుడు ఆగినాది" అంది ముసలమ్మ. అడిగినట్టు కాదు, ఊరికే చెప్పినట్టు.

ఉంచుకోండి అనడానికి ఒక్క మాట చాలు. నేను పెన్ను ఆడుతోందో లేదో వంచి చూసుకుని, జేబులో పెట్టుకుని గట్టు దిగాను. మావ నన్ను ఎగాదిగా చూసి, ముందు సీటు మీద గోనెసంచి ఒకటి వేశాడు. మళ్ళీ ఒక్క క్షణం ఆలోచించి, దాన్ని తీసి వెనక వేశాడు. అరకు దాకా ఖాళీ నారుబుట్టల మధ్య వచ్చాను. తప్పయిందని ఆయనతో అనడానికి నాకు ఆ ఏడాదంతా నోరు పెగల్లేదు. చివరికి అన్నాక ఆయన, "ఏ తప్పు బాబూ? శానా ఉన్నాయి కదా" అన్నాడు.

మరుసటి చైత్రంలో అదే మలుపు, అదే గడ. ఈసారి నేను తయారై ఉన్నాను. కిటికీలోంచి రైలు పెన్ను బయటికి చాపి, వీలైనంత దర్జాగా, "ఇదిగో, ఉంచుకోండి" అన్నాను. ముసలమ్మ నన్ను గుర్తుపట్టింది. "ఒగ్గీయండే, ఆ బాబుని ఒగ్గీయండి! ఆయన కాడ ఏటీ పుచ్చుకోకండి. మల్లీ కొండెక్కి రావాలి, పాపం" అంది. గడ చటుక్కున లేచింది.

"కాదు, నిజంగానే ఇస్తున్నాను!"

"పుచ్చుకోమంటే పుచ్చుకుంతాం బాబూ" అంది పూలజడ గుంట. "మరి పేడనీల్లు కలిపి ఉంచమంతావా, సాయంత్రం వత్తావు కదా?"

వాళ్ళ నవ్వు రెండు మలుపుల దాకా వినబడింది. ఆ దారిలో మామూలు ఇవ్వకుండా గడ దాటిన మగవాణ్ణి నేనొక్కణ్ణే. అక్కడ పనిచేసినన్నాళ్ళూ, ప్రతి ఏడూ, నా మొహం కనబడితే చాలు, గడ లేచిపోయేది. ప్రతిసారీ చెవులు ఎర్రబడేలా కోపం తెచ్చుకుని, నిటారుగా కూర్చుని, ముందుకి చూస్తూ వెళ్ళిపోయాను. జీపు దిగి నాలుగడుగులు వేసి, వాళ్ళతో పాటు నవ్వి, ఆ గుంట చేతిలో పెన్ను పెట్టి ఉంటే తీసుకునేదే. దిగలేదు. ఆ టెర్లిన్ చొక్కా కుర్రాడు ఇప్పుడు గనక నాకు ఏ మలుపులోనైనా దొరికితే మెడ పట్టుకుని కిందికి దింపుతాను. ఈసారి పేడనీళ్ళు నేనే కలుపుతాను.