ఆపా చిటికెన వేలు

తాండూరు తహసీల్దార్ ఆఫీసులో నా పక్క సీటు ఆమెది. అందరం ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. మౌస్‌ను పక్కకు నెట్టి, చిటికెన వేలిని చున్నీతో తుడుచుకొని, కంప్యూటర్ తెరనే తాకుతూ పనిచేసేది.

"గట్ల ముడితే ఖరాబైతది ఆపా" అని రోజూ పాఠం చెప్పేవాణ్ణి. నా తెర మీద ఎవరినీ వేలు పెట్టనిచ్చేవాణ్ణి కాదు. ఆమె నవ్వి మళ్లీ తెరనే తాకేది.

ఒక సాయంత్రం నా మౌస్ ఆగిపోయింది. ఎదురుగా పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"ఆదాయం సర్టిఫికెట్ ఇయ్యాల అందకపోతే కాలేజీ సీటు పోతది సార్" అంది.

మౌస్‌ను విదిలించాను, బల్లకేసి తట్టాను. చివరికి "రేపు రా బిడ్డ" అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆపా లేచి వచ్చింది. "జర జరుగుండ్రి సార్" అని నా తెరను నాలుగుసార్లు తాకింది. ప్రింటర్‌లోంచి సర్టిఫికెట్ వచ్చింది.

"నాది గూడ టచ్చేనా?" అన్నాను.

"రెండూ ఒక్క దినమే వచ్చినయి గద సార్."

మర్నాడు వెళ్లి కొత్త మౌస్ కొన్నాను. ఆమె వికారాబాద్‌కు బదిలీ అయ్యాకే, ఎవరూ చూడట్లేదని నిర్ధారించుకొని, నా తెరను మొదటిసారి తాకాను.