చెవులకు అమావాస్య సెలవు

నిద్ర పట్టడం లేదని తిరుత్తణి ఆస్పత్రికి పోతే, డాక్టరు నన్ను పక్క గదిలో కౌన్సిలింగ్ చేసే అమ్మాయి దగ్గరికి పంపాడు. మందు లేదు, సూది లేదు. మనం చెబుతుంటే ఆమె వింటుంది, అదే వైద్యమట. నాకు బాగా నచ్చింది. ఇంట్లో నేను నోరు తెరిస్తే మా ఆవిడ టీవీ శబ్దం పెంచుతుంది. ఈ అమ్మాయి అలా కాదు. నలభై ఏళ్ల కిందట మా అన్న నా మగ్గంలో అటూ ఇటూ దారం లాగే నాడె దాచిపెట్టిన అన్యాయం మొదలుకొని అన్నీ విన్నది. ఆరు నెలలుగా వింటూనే ఉన్నది.

ఒకరోజు నాడె సంగతి మళ్లీ చెబుతుంటే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పొంగిపోయాను.

"నీకైనా తెలిసింది పాపా, నా బాధ!"

"దానికి కాదు తాతా. పోదుం, చాలు. ఇంక నా వల్ల కాదు. రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకున్నా. నెలాఖరుకి ఇచ్చేస్తా."

ఆమె పోతే నా మాట వినేదెవరు?

"లీవు పెట్టుకోరాదా?"

"ఆదివారం లీవే. అయినా ఫోన్లు. మణవాళనగర్‌లో ఇంటికి పోయినా ఫోన్లే."

"ఎవురు ఆ బుద్ధిలేనోళ్లు? చూపించు, నేను కడిగేస్తా!"

ఆమె ఫోను నా వైపు తిప్పింది. పోయిన ఆదివారం ఒకే నంబరు, వరసగా ఏడుసార్లు. ఆ నంబరు నాది.

వెంటనే మాట మార్చాను.

"మేము నేతోళ్లం అమావాస్యనాడు మగ్గం ముట్టం. పెండ్లి చీరైనా సరే, ఆగాల్సిందే. కొయ్య మగ్గానికే ఒక దినం ఇస్తిమి, నీ చెవులకి ఈలేవా? ఈ అమావాస్యకి లీవు పెట్టి ఫోను ఆపెయ్. ఆ కాగితం సంగతి తర్వాత చూద్దాం."

బయట బెంచీల మీద కాచుకున్న వాళ్లందరికీ నేనే ఆజ్ఞ వేశాను: అమావాస్యనాడు ఎవరూ ఆమెకు ఫోన్ చేయకూడదు.

"మరి మనసు బాగలేకుంటే యాడికి పోయేదయ్యా?" అన్నాడు ఒక ఫ్యాక్టరీ మనిషి.

"ఎక్కువైతే డాక్టరు ఉండాడు. తక్కిన సొద నాకు చెప్పండి" అని నా నంబరు ఇచ్చాను. నేను చేసిన తప్పు అదే.

అమావాస్యనాడు కాఫీ తాగకముందే మొదలైంది. ఒకామె అల్లుడి గురక గురించి గంటసేపు చెప్పింది. గురక పెట్టి వినిపించింది కూడా. ఫ్యాక్టరీ మనిషి సూపర్‌వైజర్ తనను చూసి నవ్విన సంగతి చెప్పి, నేను 'ఊ' సరిగ్గా కొట్టలేదని మళ్లీ మొదటినుంచి చెప్పాడు. చెప్పిందే చెబితే వినేవాడు మనిషా, రాయా? మధ్యాహ్నానికి నాకే ఏడుపొచ్చింది. ఈ కష్టం ఎవరికైనా చెప్పుకుందామని వేలు దానంతటదే ఆమె నంబరు మీదికి పోయింది. మా ఆవిడ ఫోను లాక్కొని బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది.

"నోరు మూసుకోని పడుకో. ఆ పిల్లని బతకనీ."

మరునాడే పరుగెత్తాను. అమ్మాయి ముఖం తేటగా ఉంది.

"నిన్న పొద్దెక్కేదాకా పడుకున్నా తాతా. ఈ నెల ఆ కాగితం ఇవ్వన్లే." గోడమీది క్యాలెండరు చూసి అడిగింది. "పౌర్ణమికి కూడా మగ్గం ముట్టరా?"

యాభై ఏళ్లలో ఒక్క పౌర్ణమికీ నేను మగ్గం ఆపిన పాపాన పోలేదు.

"ముట్టం పాపా" అన్నాను. "మహా దోషం."