మేడమ్ ఇత్తడి పక్షి

పోయిన నెల ఒక పొద్దున దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే మా ఆఫీసు మహేశ్ ఫోన్ చేశాడు. "అక్కా, మేడమ్ పోయిన్రట. నిద్రలనే." నాకు ముందు ఏడుపు రాలేదు. "ఎవరు జెప్పిన్రు? నువ్వు చూసినవా?" అని గద్దించాను. అవతల వాడు ఏడుస్తూనే నవ్వాడు. ఆ ప్రశ్న మేడమ్‌ది. మా ఆఫీసులో ఎవరు ఏం చెప్పినా ఆవిడ ముందు అడిగేది అదే. నాగోల్‌లో మేడమ్ వాళ్ల ఫ్లాటుకు వెళ్లి, ఆవిడ చల్లటి చేతిని పట్టుకుని చూశాకే నేను నమ్మాను.

మా పని ఏమిటో మా చుట్టాలకు ఇప్పటికీ అర్థం కాదు. మ్యూజియంలలో ఉండే వస్తువుల ఫొటోలు, వాటి గురించిన పాత రాతలు ఏఐకి ఇస్తే, ఒక్కో వస్తువు పేరేమిటి, దేంతో చేశారు, దేనికి వాడేవారు అని అది కేటలాగు రాసిస్తుంది. అది రాసింది నిజమో కాదో చూడడం మా కొలువు. చీరల దుకాణం పైన, కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కున్న ఒక హాలు మా ఆఫీసు. మ్యూజియంలో క్యూరేటర్‌గా చేసి రిటైరైన మేడమ్ మాకు పెద్ద. కృష్ణా జిల్లా మనిషి. 'అండీ' లేకుండా మెట్ల మీది కుక్కను కూడా అదిలించేవారు కాదు. మా 'గిట్ల', 'గట్ల' అంటే ఆవిడకు మహా ఇష్టం. అనబోయి ప్రతిసారీ తప్పుగా అనేవారు, మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

నేను చేరిన కొత్తలోనే నా పెళ్లి కుదిరింది. పత్రిక తీసుకెళ్లి బొట్టు పెట్టి పిలిస్తే, మేడమ్ పెళ్లికొడుకు పేరైనా చదవలేదు. పత్రికను వంచి చూసి, "గట్టి అట్టండీ, భలే పనికొస్తుంది" అన్నారు. మర్నాడు చూస్తే అది టేపుతో నా కంప్యూటర్ తెరకు కుడిపక్కన వేలాడుతోంది. ఏఐ రాత వచ్చేది ఆ పక్కనే. దాన్ని పత్రికతో మూసి, ఫొటో ఒక్కటే చూసి, మనకు కనబడింది ముందు మనం రాయాలి. పేరు పెట్టకూడదు, దేనికి వాడేవారో ఊహించకూడదు. ఆ తర్వాతే పత్రిక ఎత్తాలి. "దాని రాత ముందు చదివారనుకోండి, మీ కళ్లు దాని వెనకాలే పోతాయి. అంత ధీమాగా మాట్లాడుతుందండీ అది" అనేవారు. అందరి తెరలకూ పెళ్లి పత్రికలే. పెళ్లి కాని మహేశ్ మాత్రం వాళ్ల మేనమామ గృహప్రవేశం కార్డుతో సరిపెట్టుకున్నాడు.

ఒకరోజు నేను పత్రిక ఎత్తితే, ఒక పాత పోచంపల్లి చీర ఫొటో పక్కన ఇలా ఉంది: "చిత్రం నాణ్యత తక్కువ. నమూనా అంచులు మసకగా ఉన్నాయి. మళ్లీ ఫొటో తీయాలి." మా నాన్న దాకా మా ఇంట్లో అందరూ మగ్గం మీద బతికినవాళ్లే. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కుర్చీ వెనక్కి తోసి లేచాను. "మసకనా మేడమ్? దీని మొఖం! నూలుకు ముందే ముడులేసి రంగులద్ది నేస్తరు. అంచు గట్ల కరిగినట్టుంటెనే అది పోచంపల్లి. గీత గీసినట్టు గావాల్నంటే అచ్చు గుడ్డ కొనుక్కొమ్మను!" ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయలేను. మేడమ్ టీ తాగుతూ అంతా విన్నారు. "అయ్యిందా అండీ? ఇప్పుడు తిట్లు తీసేసి మిగిలింది రాయండి" అన్నారు. నేను రాసినవాటిలో అంత బాగా కుదిరిన ఎంట్రీ మరొకటి లేదు.

మేమేం తక్కువ తినలేదు. నల్గొండ నుంచి వచ్చిన మహేశ్‌కు ఏ కుండ చూసినా కల్లు ముంతే. మేడమ్ మమ్మల్ని ఎప్పుడూ కసిరింది లేదు. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న పెద్ద విద్య ఒక మాట రాయడం. "దానికి అన్నీ వచ్చండీ, 'తెలియదు' అని రాయడం ఒక్కటే రాదు. అది మన వాటా" అనేవారు. నేను మొదటిసారి ఒక వస్తువు కింద భయం భయంగా 'ఉపయోగం తెలియదు' అని రాసిన రోజు, కింది వీధిలోంచి అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించారు.

ఇక పక్షి సంగతి. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ మేడమ్ ఆ కథ చెప్పేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మ్యూజియం స్టోర్‌లో చీటీ కూడా లేని బుట్టలో ఆవిడకు ఒక ఇత్తడి పక్షి దొరికిందట. ఊపితే లోపల గలగలమన్నదట. పసిపిల్లల గిలక్కాయ అని కేటలాగులో రాసి, చివర ఒక వాక్యం చేర్చారు: 'ఏ తల్లి ఏ ఊయల పక్కన మోగించిందో.' ఈ కథ చెప్పేటప్పుడు ఆవిడ చెయ్యి దానంతట అదే గాల్లో ఊగేది. పోయిన ఏడాది ఆ మ్యూజియంవాళ్లు పిల్లల కోసం ఒక గది కడుతూ, గుమ్మంలో ఆ పక్షినే పెడతామన్నారు. మేడమ్ మనవరాలి పెళ్లి కుదిరినంత సంబరపడి ఆఫీసంతా మైసూర్‌పాక్ పంచారు.

ఆ పక్షి ఎంట్రీ సరిచూసే వంతు నాకొచ్చింది. పత్రిక దించి, ఫొటోలు చూసి రాశాను. 'ఇత్తడి పక్షి. లోపల బోలు. అడుగు గరుకు, అడ్డంగా నిలువుగా గాట్లు. అరుగుదల అడుగునే ఉంది, చేత్తో పట్టే చోట లేదు.' పత్రిక ఎత్తితే ఏఐ రాత: 'పసిపిల్లల గిలక్కాయ. అడుగున పూల నగిషీ.' చివర మేడమ్ వాక్యం, అక్షరం పొల్లుపోకుండా. ఆవిడ పాత రాతే దానికి ఆధారం మరి.

నేను నోరు విప్పితే ఆవిడ ప్రాణంగా చూసుకునే పక్షి గుమ్మంలోంచి పోతుంది. ఊరుకుంటే ఆవిడ నేర్పిన పని నేను చేయనట్టు. ఆవిడ బల్ల దగ్గరకెళ్లి, "మేడమ్, ఇంత గరుకుది పసిపిల్ల దగ్గర ఎవరన్న పెడ్తరా?" అన్నాను.

మేడమ్ నేను రాసింది చదివారు. ఫొటో పెద్దది చేసి చూశారు. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "మీరు అడుగు చేత్తో తడిమి చూశారా?" అన్నారు. లేదన్నాను. "అప్పట్లో నేనూ తడమలేదండీ. ఊపాను. మోగింది. మురిసిపోయాను. తిరగేసి చూడనేలేదు. పదండి."

ఆటోలో స్టోర్‌కి వెళ్లాం. మేడమ్ చేతులకు తెల్లటి గ్లౌజులు వేసుకుని, పక్షిని ఒడిలోకి తీసుకున్నట్టు తీసుకుని, తిరగేసి, అడుగు మీద వేలితో మెల్లగా నిమిరారు. గ్లౌజు పోగు ఒకటి గాట్లలో చిక్కుకుని లేచింది. ఆ పోగు వైపు చూశారు. చూసి, నవ్వడం మొదలుపెట్టారు. పక్షిని బల్ల మీద జాగ్రత్తగా పెట్టి మరీ నవ్వారు, కళ్ల నీళ్లు కారేలాగా. "పాదాలు రుద్దుకునేదండీ ఇది! స్నానాల గదిలోది! ఎవరి మడమల మురికో వదిలించిన దాన్ని నేను ఇన్నేళ్లూ ఊయల్లో పెట్టి జోకొట్టాను!"

ఆ నవ్వు వినే నేను కుదుటపడ్డాను. "మరి మోత ఎందుకు మేడమ్?" అని అడిగాను. "తెలీదు" అన్నారు, పండగ కబురు చెప్పినట్టు. "తెలీదని రాయండి."

మ్యూజియం ఆఫీసర్‌కి మాత్రం ఇది రుచించలేదు. "బోర్డులు తయారైపోయినయ్ మేడమ్. గిలక్కాయనే ఉండనీయున్రి, పిల్లలకు మంచిగుంటది. ఎవరు పట్టుకుంటరు?" అన్నాడు. మేడమ్ నా వైపు చెయ్యి చూపించి, "ఈవిడ పట్టుకున్నారండీ" అన్నారు. ఆ మాట నాకు ఈ జన్మకు చాలు. ఆయన పక్షిని మార్చేస్తానన్నాడు. ఆవిడ వద్దన్నారు. "గుమ్మంలోనే ఉంచండి. మేం పొరబడ్డామని రాయండి. పిల్లలకు అంతకంటే మంచి కబురేముంటుంది? కింద ఒక అద్దం పెట్టించండి, అడుగు కనబడాలి." నెలల తరబడి ఫోన్లు చేసి ఆయన్ని సతాయించారు. ఆయన ఒప్పుకున్నాడో లేదో మాకు తెలియకుండానే, గది తెరవడానికి కొన్ని వారాల ముందు ఆవిడ వెళ్లిపోయారు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది ఆ ఒక్క విషయానికే. మిగతావన్నీ తలచుకుంటే ఇప్పటికీ నవ్వే వస్తుంది.

మొన్న ఆదివారం నేనూ మహేశూ వెళ్లాం. ఎవరో చెబితే నమ్మే మనుషులం కాదు గదా. గుమ్మంలో గాజు పెట్టెలో పక్షి ఉంది. పక్కన బోర్డు: 'చాలా ఏళ్లు దీన్ని గిలక్కాయ అనుకున్నాం. పొరపాటు. ఇది పాదాలు రుద్దుకునేది. ఎందుకు మోగుతుందో మాకు తెలియదు.' కింద అద్దం. మహేశ్ ముక్కు ఎగబీల్చి, "అద్దం జర పెద్దగ ఉండాల్సింది" అన్నాడు.

మా ముందు ఒక పాప నేల మీద బోర్లా పడుకుని అద్దంలోకి చూస్తోంది. వాళ్లమ్మ బోర్డు చదివింది, మళ్లీ చదివింది. ఎవరూ చూడడం లేదనుకుని, చెప్పులోంచి పాదం బయటికి తీసి, వెనక్కి తిరిగి తన మడమ వంక చూసుకుని నవ్వుకుంది.