గేటు దాటి వచ్చిన మాత్రలు

నేను జమ్మలమడుగు పక్క పల్లెకు కొత్త కోడలిగా వెళ్లినవి ఫ్యాక్షన్ రోజులు. మా మామగారు పార్టీలో పెద్దమనిషి. గేటు దగ్గర కాపలా ఉండే ఓబులేసు నడుము తడిమి చూడందే ఎవరినీ లోపలికి వదిలేవాడు కాదు. ఎదుటివాళ్లు ముందు తాగి చూపిస్తే తప్ప మామగారు బయట మజ్జిగైనా ముట్టేవారు కాదు. అంత జాగ్రత్త!

అప్పటికే ఆయనకు లివర్ చెడింది. ఒకరోజు మోకాళ్ల నొప్పులని మూలుగుతుంటే, పలకరించడానికి వచ్చిన పక్కూరాయన జేబులోంచి మాత్రల పొట్లం తీశాడు. "రోజుకు రెండు ఏసుకోప్పా, గుర్రం మాదిరి ఉరుకుతావు" అన్నాడు. ఏం మాత్రలని కూడా అడక్కుండా మామగారు మింగడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఒక పొద్దున భళ్లున నెత్తురు కక్కుకున్నారు. జీపు ప్రొద్దుటూరు ఆస్పత్రి చేరేదాకా మా ప్రాణాలు మాలో లేవు.

గండం గడిచాక ముసలి డాక్టరు మండిపడ్డాడు. "లివర్ జబ్బుండే మనిషి ఈ నొప్పి మాత్రలు ముట్టగూడదప్పా! తట్టుకోలేకుంటే పారాసిటమాల్, అదీ నేను చెప్పినంతే. బాంబులకు భయపడితివి, బిళ్లలకు భయపడకపోతివే!"

మామగారు తల వంచుకున్నారు. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాను.

తర్వాత ఆయన్ని చూడ్డానికి మా నాన్న వస్తే ఓబులేసు గేటు దగ్గరే ఆపేశాడు. "కత్తి ఉంటే ఉండనీలేప్పా, మాత్రలేమన్నా తెచ్చినావా?"

తీరా చూస్తే నాన్న జేబులో ఉండనే ఉన్నాయి. వియ్యంకుడి మోకాళ్లకని ప్రేమగా తెచ్చారట!