అమ్మకిచ్చిన కాకరకాయ రసం

మనిషి ఆరోగ్యమంతా పొద్దున పరగడుపున తాగే మొదటి గ్లాసులోనే ఉంటుందని నేను గట్టిగా నమ్మిన రోజులవి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ముంబై దగ్గర భివండిలో, హైవే పక్కన ఒక పెద్ద గోదాములో పార్సిళ్ల మీద చీటీలు అంటించే ఉద్యోగం. ఆ పనికి చేతులు చాలు, మెదడుతో పనిలేదు. అది ఖాళీగా కూర్చోలేక లోకంలో ప్రతి విషయం గురించీ ఆరా తీసేది. జీలకర్ర నీళ్లు కడుపులోకి వెళ్లాక ఎటు తిరుగుతాయి, మెంతులు నానితే ఎందుకు అంత జిగురు, ఉసిరికాయ ముందు పుల్లగా ఉండి తర్వాత తియ్యగా ఎందుకు అనిపిస్తుంది, ఇవన్నీ ఫోనులో వీడియోలు పెట్టుకుని చెవిలో వింటూనే ఉండేవాణ్ణి. (నువ్వు పొద్దున్నే ఏం తాగేవాడివి అని మాత్రం అడగకండి. గోదాము గేటు దగ్గర కటింగ్ చాయ్, అంటే అర గ్లాసు టీ, ఒక్కోసారి రెండు.)

నా విజ్ఞానం అక్కరకొచ్చే రోజు అనుకోకుండా వచ్చింది. అమ్మకు పిత్తాశయంలో రాళ్లని తేలింది, ఆపరేషన్ అయింది. పొట్ట మీద నాలుగు చిన్న చిన్న గాట్లు పెట్టి లోపల పని మొత్తం కానిచ్చేశారు. తీసిన రాళ్లను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి మా నాన్న, బాపు చేతికిచ్చారు. భివండిలోనే నార్పోలిలో మావి రెండు గదులు. చూడ్డానికి వచ్చిన వాళ్లంతా అమ్మను ఒక్క నిమిషం పలకరించి, రాళ్లను పది నిమిషాలు చూసేవాళ్లు. జొన్నగింజంత అని ఒకరు, కాదు మక్కగింజంత అని ఇంకొకరు. టమాట గింజల వల్ల వచ్చాయని కొందరు, ట్యాంకరు నీళ్ల వల్ల అని కొందరు. "నన్ను చూడ వచ్చిన్రా, రాళ్లను చూడ వచ్చిన్రా?" అని అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది.

అక్క సోలాపూర్ నుంచి వచ్చి నాలుగు రోజులుండి, చంటిపిల్లతో తిరిగి వెళ్లిపోయింది. బాపు శాంతి నగర్‌లోని ఒక కార్ఖానాలో ఆరు సాంచాలు నడిపేవాడు. సాంచాలంటే మరమగ్గాలు. వాటిని వదిలి ఇంట్లో కూర్చుంటే కుదరదు. అందుకని నేను రెండు వారాలు సెలవు పెట్టి అమ్మను చూసుకోవడానికి కుదురుకున్నాను. నూనె, నెయ్యి, చిక్కటి పాలు నెల రోజులు ముట్టొద్దు, తేలిగ్గా ఉండేవి ఇవ్వండి అని డాక్టరు చెప్పాడు. ఇంకేం చెప్పాడో నాకు గుర్తులేదు. 'తేలిగ్గా ఉండేవి' అన్న ఒక్క మాట దగ్గరే నా మనసు ఎగిరిపోయింది.

మర్నాటి నుంచి ఐదింటికే లేచేవాణ్ణి. మొదటి రోజు జీలకర్ర నీళ్లు, రెండో రోజు ధనియాల నీళ్లు, మూడో రోజు సొరకాయ రసం, తర్వాత మెంతినీళ్లు, బూడిద గుమ్మడికాయ రసం. ఒక నోటుబుక్కు కొని తేదీ, పానీయం, కొలత, ఫలితం అని గీతలు గీసుకున్నాను. స్కూల్లో సైన్సు ప్రయోగాల పుస్తకం ఏనాడూ పూర్తి చేయని నేను, ఇంట్లో పొరపాటున కూడా ఒక్క రోజు వదలలేదు. అమ్మ గ్లాసు అందుకుని వాసన చూసి, "ఏందిరా ఇది, గడ్డి నానవెట్టినట్టున్నది" అనేది. ఆ తర్వాత "అక్కడ వెట్టి పో, చల్లారినంక తాగుత" అనేది. సరిగ్గా అదే సమయానికి కింద నల్లాలో నీళ్లు వచ్చేవి. నేను బకెట్లు పట్టుకుని దిగి, వరుసలో నిలబడి నీళ్లు పట్టి పైకొచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉండేది. అడుగున చుక్క కూడా మిగిలేది కాదు. ఎంత మంచి పేషెంటు అనుకునేవాణ్ణి.

ఫలితాలు కూడా కళ్లకు కనబడేవి. అమ్మ ముఖంలో రోజురోజుకూ కళ వస్తోంది. పొద్దున ఏడింటికి ఆమె కళ్లల్లో ఒక తృప్తి. నాలుగో రోజు 'మెంతినీళ్లు: ఉత్సాహం' అని రాసుకున్నాను. అయితే అంతుపట్టని సంగతులు కొన్ని ఉండేవి. అమ్మ పక్క మీద గోధుమరంగు పొరలు రాలి కనబడేవి. గోడ సున్నం పెచ్చులు ఊడుతోందేమోనని కుర్చీ వేసుకుని పైకప్పు దాకా తడిమి చూశాను. మరో సంగతి బాపు గురించి. ఆయన చిక్కిపోతున్నాడు. ప్యాంటు జారకుండా బెల్టుకు మేకుతో కొత్త రంధ్రం కొట్టుకున్నాడు. పొద్దున నేను నీళ్లు మోసుకొచ్చేసరికి బాత్రూంలో ఉండేవాడు, చాలాసేపు ఉండేవాడు. అమ్మ మీద బెంగ పెట్టుకున్నాడని జాలిపడి, ఆ సంగతి కూడా ఒక మూల రాసుకున్నాను.

పన్నెండో రోజు కాకరకాయ రసం. నా ప్రయోగాలన్నిటిలోకీ అది శిఖరం. విత్తులు తీసి, రుబ్బి, గుడ్డలో వడకట్టి, పెద్ద గ్లాసు నిండా ఇచ్చాను. వాసనకే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నీళ్లు పట్టుకుని పైకి రాగానే గ్లాసు ఎప్పటిలాగే ఖాళీ. కానీ అరగంట తిరగకుండానే అమ్మ పొట్ట పట్టుకుని పక్కకు ఒరిగింది. ముఖం పాలిపోయింది, నుదుటి మీద చెమట. అమ్మ కడుపులో ఏముందో తెలుసుకోవాలని అన్నాళ్లు ఉబలాటపడ్డవాణ్ణి, ఆ నిమిషంలో మాత్రం ఏమీ తెలుసుకోవాలని లేదు, ఆమె లేచి కూర్చుంటే చాలనిపించింది. కార్ఖానాకు బయల్దేరబోతున్న బాపు చెప్పులు విడవకుండానే కిందికి పరుగెత్తి ఆటో తెచ్చాడు. రోడ్డు మీద ఒక్కో గుంతకు అమ్మ ఒక్కో మూలుగు. నేను నోటుబుక్కు గుండెకు పొదుముకుని కూర్చున్నాను. చంపింది నేనే అనుకుంటున్నాను. బాపు కూడా తల దించుకునే ఉన్నాడు. ఆయన చేతులెందుకు వణుకుతున్నాయో అడగాలని నాకు తోచలేదు.

డాక్టరు అమ్మ పొట్ట నొక్కి చూసి, కొన్ని రోజులుగా పొద్దున ఏం ఇస్తున్నారని హిందీలో అడిగాడు. నేను నోటుబుక్కు తెరిచి మొదటి రోజు నుంచి చదవడం మొదలుపెట్టాను. నేరం ఒప్పుకునేవాడు కూడా అంత వివరంగా చదవడు. బూడిద గుమ్మడికాయ దగ్గర డాక్టరు కళ్లజోడు తీశాడు. కాకరకాయ దగ్గర నర్సు ఇటు తిరిగింది. ఇదంతా ఈవిడే తాగిందా అని డాక్టరు అడిగాడు. అమ్మ కళ్లు మూసుకుంది. అప్పుడు నా వెనక నుంచి బాపు బడిపిల్లాడిలా చెయ్యి పైకెత్తాడు.

"మైనే పియా, సాబ్." తాగింది తనేనట.

ముప్పై ఏళ్లు సాంచాల చప్పుడులో బతికిన మనిషికి మెల్లగా మాట్లాడడం రాదు. బయట బెంచీల మీద ఉన్న పేషెంట్లంతా తలుపు వైపు చూశారు. తర్వాత మిగతా సంగతి విడివిడిగా బయటికొచ్చింది. నేను కింద నల్లా దగ్గర నిలబడ్డ ఆ కాస్త సమయంలో, బాపు వెనక మెట్ల మీదుగా టపరీకి, అంటే వీధి చివరి టీ బడ్డీకి వెళ్లి, చిక్కటి పాల చాయ్, రెండు ఖారీ బిస్కెట్లు తెచ్చి అమ్మకు ఇచ్చేవాడు. నా గ్లాసు తాను ఎత్తేసేవాడు. నేను సున్నం పెచ్చులనుకున్నవి డాల్డాతో పొరలు పొరలుగా కాల్చిన ఖారీ ముక్కలు. ఆ రోజు కాకరకాయ వాసనకు అమ్మ బెదిరిందని జాలిపడి బాపు మూడో ఖారీ కూడా పెట్టాడట.

డాక్టరు అమ్మకు పెద్ద ప్రమాదమేమీ లేదని, డాల్డా, పాలు పడలేదని చెప్పి మందు రాసిచ్చాడు. తర్వాత బాపు వైపు తిరిగి, చక్కెర జబ్బు బిళ్లలు వాడుతున్నావా అని అడిగాడు. వాడుతున్నాడు. ఆ చేదు గ్లాసులు తాగాక నోట ఏమీ పెట్టబుద్ధికాక, ఉత్త బిళ్ల వేసుకుని కార్ఖానాకు వెళ్లేవాడట. మొన్న సాంచె పక్కన కళ్లు తిరిగి కూలబడితే పక్కవాడు పట్టుకున్నాడట. ఆ మాట అమ్మకూ తెలియదు, నాకూ తెలియదు. వేలు గుచ్చి చూస్తే చక్కెర బాగా పడిపోయి ఉంది. అమ్మను దింపి మంచం మీద బాపును పడుకోబెట్టారు. నర్సు గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించింది. పావుగంటలో ఆయన చేతుల వణుకు ఆగింది. (పన్నెండు రోజుల్లో నా కళ్లముందు పనిచేసిన పానీయం అదొక్కటే. దాన్ని కలిపింది నేను కాదు.)

ఆటోలో తిరిగొస్తున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. పారబోస్తే సరిపోయేది కదా, ఎందుకు తాగావని బాపును నిలదీశాను. ఆయన బయట వెళ్తున్న టెంపోలను చూస్తూ అన్నాడు.

"ఐదు గంటలకు లేచి వడగడ్తివి గదరా. గట్ల మోరీల ఎట్ల పోస్త?"

ఇద్దరి మధ్యలో కూర్చున్న అమ్మను అడిగాను, ఖారీ తినకూడదని డాక్టరు చెబుతుంటే విన్నావు కదా అని. విన్నానంది. మరి? అమ్మ కొంగు సర్దుకుంది. ఆటో సిగ్నల్ దగ్గర ఆగింది కాబట్టి గానీ లేకపోతే ఆ మాట నాకు వినబడేదే కాదు.

"పెండ్లయినప్పటి సంది పొద్దుగాల మీ బాపు నాకు చాయ్ తెచ్చిచ్చుడు గిదే మొదలు. ఎట్ల వద్దంట బిడ్డా?"

బాపు టెంపోలనే చూస్తున్నాడు. ఈసారి ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మర్నాడు కూడా అలవాటుకొద్దీ ఐదింటికే మెలకువ వచ్చింది. పొయ్యి ముందు నిలబడ్డాను గానీ ఏం చెయ్యాలో తోచలేదు. వీడియోలు చూడబుద్ధి కాలేదు. చివరికి గదిలోకి వెళ్లి, పొద్దున నీకు ఏం తాగాలని ఉంటుందమ్మా అని అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది. అందరికీ ఏం కావాలో తనే చూసిన మనిషి కదా, ఆ ప్రశ్న ఆమెకు కొత్త. "ఏమో రా, నాక్కూడ తెల్వది" అని నవ్వి, కుట్లు నొప్పిపెట్టాయని పొట్ట పట్టుకుంది. సరే చూద్దామని గోరువెచ్చని నీళ్లు ఇచ్చాను. గంటాగి, పలచటి జొన్నజావలో చిటికెడు ఉప్పు వేసి ముగ్గురికీ మూడు గ్లాసుల్లో పోశాను. బాపు తన గ్లాసును రెండుసార్లు వాసన చూసుకున్నాడు. నేను తాగేదాకా తాను ముట్టుకోలేదు.

ఆ పన్నెండు రోజుల ప్రయోగశాల నిపుణుణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కొంచెం ముద్దుగానూ ఉంటుంది. పైకప్పు సున్నాన్ని తడిమి చూశాడు, మెంతుల జిగురు మీద అర పేజీ రాశాడు. రెండు గదుల ఇంట్లో, చేతికందే దూరంలో పడుకున్న మనిషిని నీకేం కావాలని అడగడం మాత్రం వాడికి పదమూడో రోజుదాకా తట్టలేదు.